జీటీఏ 6 కోసం ఎదురుచూసే వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

2025 నవంబర్‌లో రాక్‌స్టార్ కంపెనీ తన జీటీఏ 6 (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) వీడియో గేమ్ రిలీజ్ డేటును మరోసారి మార్చిన దగ్గర్నుంచి మా ఫ్రెండ్స్ గ్రూపులో ఇవే ప్రశ్నలు తిరుగుతున్నాయి. ఆఫీసు క్యాంటీన్‌లో అవే, పెళ్లి భోజనాల బంతిలోనూ అవే. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. చాలావరకు జీటీఏ 6 గురించే. కానీ రాబోయే గేముల కోసం, అప్‌డేట్ల కోసం ఇలా కళ్లు కాయలు కాచేలా చూడటం ఒక్క జీటీఏ వాళ్ల పిచ్చి కాదు కాబట్టి మిగతావాటినీ మధ్యమధ్యలో లాగాను.

ఇంతకీ లేటెస్ట్ డేటు ఏది?

2026 నవంబర్ 19, గురువారం. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ అనే కన్సోళ్ల (టీవీకి తగిలించే గేమ్ యంత్రాల) మీద. మొదటి ట్రైలర్ చివర్లో 2025 అని వేశారు. తర్వాత 2025 చివరి నెలలన్నారు. 2025 మే 2న ఆ మాట పక్కన పెట్టి 2026 మే 26 అన్నారు. అదే ఏడాది నవంబర్ 6న దాన్నీ జరిపి ఇప్పుడున్న డేటు ఇచ్చారు.

2026లో దీపావళి నవంబర్ 8న. అంటే గేమ్ సరిగ్గా కార్తీకమాసంలో దిగుతోంది. అమ్మ దీపం పెట్టడానికి తెల్లవారుజామున లేచేసరికి కొడుకు ఇంకా పడుకోకుండా టీవీ ముందు కార్లు ఎత్తుకుపోతూ దొరికిపోతాడు. ఇంజినీరింగ్ పిల్లలకు సెమిస్టర్ పరీక్షల టెన్షన్ కూడా దాదాపు అప్పుడే. రాక్‌స్టార్ వాళ్లకు మన పంచాంగంతో పనేముంది!

మళ్లీ వాయిదా పడదని గ్యారంటీ ఏమైనా ఉందా?

లేదు. వాళ్ల చరిత్ర చూడండి. జీటీఏ 4ను 2007 అక్టోబర్ 16 అని చెప్పి 2008 ఏప్రిల్ 29న ఇచ్చారు. జీటీఏ 5ను 2013 మొదటి సగంలో అని చెప్పి సెప్టెంబర్ 17న ఇచ్చారు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అయితే 2017 అన్నారు, తర్వాత 2018 మొదట్లో అన్నారు, చివరికి 2018 అక్టోబర్ 26న వదిలారు. వాయిదా వెయ్యడం వాళ్ల ఇంటి ఆచారం. వచ్చిన మూడు గేములూ మాత్రం తిట్టినవాళ్ల నోరు మూయించాయి.

ఒక చిన్న లెక్క ఉంది. రాక్‌స్టార్ మాతృసంస్థ టేక్-టూ ఆర్థిక సంవత్సరం మనలాగే మార్చితో ముగుస్తుంది. మే 26 అయినా, నవంబర్ 19 అయినా ఒకే ఆర్థిక సంవత్సరంలో పడతాయి కాబట్టి షేర్‌హోల్డర్ల దగ్గర ఆ జరపడం కొంత తేలిక. 2027 మార్చి దాటించాలంటే అంత తేలిక కాదు. డేటు మార్పు కబురు 2025 నవంబర్‌లో బయటికొచ్చింది కూడా కంపెనీ త్రైమాసిక ఫలితాలు చెప్పిన రోజునే. కాబట్టి యూట్యూబ్‌లో 'షాకింగ్ న్యూస్' థంబ్‌నెయిళ్లు చూసి గుండెలు బాదుకోకుండా, ఆ ఫలితాల రోజులు గుర్తుపెట్టుకుంటే చాలు. నాకైతే ఈసారి వస్తుందనే అనిపిస్తోంది. అలా అని తిరిగి రాని డబ్బు పెట్టి గోవా ట్రిప్పు బదులు 'గేమింగ్ ట్రిప్పు' బుక్ చేసుకోమని చెప్పను.

ఇన్నేళ్లు తీసుకుని కూడా ఇంకా ఎందుకు ఆలస్యం?

ఊరు కట్టడం, రోడ్లు వెయ్యడం, కథ రాయడం ఎప్పుడో అయిపోతాయి. చివరి ఏడాదంతా బగ్గులు (ప్రోగ్రామ్‌లోని తప్పులు) ఏరడమే. ఒక ఉదాహరణ ఊహించుకోండి. కారు వంతెన మీది నుంచి నీళ్లలో పడింది. వాన పడుతోంది. వెనక పోలీసులున్నారు. సరిగ్గా అప్పుడే మిషన్ కోసం ఫోన్ మోగింది. ఈ నాలుగూ విడివిడిగా జరిగితే ఏమీ కాదు, నాలుగూ కలిస్తే మాత్రం గేమ్ క్రాష్. ఊరంతా ఇష్టమొచ్చినట్టు తిరగగలిగే ఇలాంటి ఓపెన్ వరల్డ్ గేములో ఈ కలయికలు కోకొల్లలు. టెస్టింగ్ వాళ్లు ఒక్కొక్కటీ పట్టుకోవాలి, మళ్లీ మళ్లీ చేసి చూపించాలి, ప్రోగ్రామర్ సరిచెయ్యాలి, ఆ సరిచెయ్యడం వల్ల ఇంకెక్కడా ఏదీ తెగలేదని చూసుకోవాలి. ఆపైన ప్లేస్టేషన్ చేసే సోనీ, ఎక్స్‌బాక్స్ చేసే మైక్రోసాఫ్ట్ తమ పరీక్షలు తాము పెడతాయి.

తొందరపడితే ఏమవుతుందో సైబర్‌పంక్ 2077 అనే ఇంకో కంపెనీ గేమ్ చూపించింది. 2020 ఏప్రిల్ 16 అన్నారు, సెప్టెంబర్ 17 అన్నారు, నవంబర్ 19 అన్నారు, చివరికి డిసెంబర్ 10న వదిలారు. అందులో మూడో డేటు కూడా నవంబర్ 19 కావడం వట్టి యాదృచ్ఛికమే, కంగారు పడకండి. మూడు వాయిదాల తర్వాత కూడా పీఎస్4 (పాత ప్లేస్టేషన్) మీద అది ఆడే స్థితిలో లేదు. వారం గడిచేసరికి సోనీ తన స్టోర్ నుంచే తీసేసింది, డబ్బు వెనక్కిచ్చింది. మళ్లీ స్టోర్‌లోకి వచ్చింది 2021 జూన్‌లో. ఆ డిసెంబర్ గుర్తున్నవాళ్లెవరూ ఇప్పుడు ఆర్నెల్ల వాయిదాకు ఏడవరు.

'గోల్డ్ అయింది' అంటే ఇక ఖాయమేనా?

డిస్కులు అచ్చుకు పంపే కాపీ తయారైందని అర్థం. ఖాయమని కాదు. సైబర్‌పంక్ 2020 అక్టోబర్ 5న గోల్డ్ అయింది, అదే నెల 27న వాయిదా పడింది. డిస్కు అచ్చుకు పోయాక కూడా పని సాగుతూనే ఉంటుంది, ఆ పనంతా మొదటి రోజు ప్యాచ్ (గేమ్‌ను సరిచేసే డౌన్‌లోడ్) రూపంలో మన నెత్తిన పడుతుంది.

పీసీలో ఎప్పుడొస్తుంది?

ప్రకటించిన జాబితాలో పీసీ లేదు. జీటీఏ 5 కన్సోల్‌కు 2013 సెప్టెంబర్‌లో వస్తే పీసీకి 2015 ఏప్రిల్ 14న వచ్చింది, పందొమ్మిది నెలలు. రెడ్ డెడ్ 2కు ఏడాది పైచిలుకు పట్టింది. ఈ లెక్కన నవంబర్ కోసమని ఇప్పుడే గ్రాఫిక్స్ కార్డు కొనడం దండగ. ఏ షాపువాడైనా 'ఇది జీటీఏ 6 రెడీ పీసీ సార్' అని అంటగట్టబోతే నవ్వి ఊరుకోండి. పీసీకి వచ్చేనాటికి అదే డబ్బుకు ఇంకా మంచి కార్డు దొరకొచ్చు.

మన టైము ప్రకారం ఎన్ని గంటలకు తెరుచుకుంటుంది?

కన్సోల్ గేములు చాలావరకు ఆయా ప్రాంతంలో అర్ధరాత్రి దాటగానే తెరుచుకుంటాయి. పీసీ గేములు ఎక్కువగా ప్రపంచమంతటా ఒకే క్షణంలో తెరుస్తారు. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి 19 నాటికి న్యూయార్క్ మనకంటే పదిన్నర గంటలు వెనక, డాలస్ పదకొండున్నర, కాలిఫోర్నియా పదమూడున్నర. అక్కడ న్యూయార్క్ అర్ధరాత్రి అంటే మనకు ఉదయం పదిన్నర. ఎవరి అర్ధరాత్రి వాళ్లకే అనే పద్ధతి పెడితే మాత్రం డాలస్‌లో ఉన్న మీ తమ్ముడికంటే పదకొండున్నర గంటలు ముందే మీరు వైస్ సిటీలో ఉంటారు. జీవితంలో ఏదైనా మనకు అమెరికాకంటే ముందు దొరికే అరుదైన సందర్భం, వదులుకోకండి.

వైస్ సిటీ అనగానే ముప్పై దాటిన మగవాళ్లంతా ఎందుకలా కరిగిపోతారు?

నెట్ సెంటర్ల వల్ల. జీటీఏ వైస్ సిటీ 2002లో పీఎస్2కు, 2003లో పీసీకి వచ్చింది. మన ఊళ్లలో ఇళ్లకు కంప్యూటర్లు ఇంకా సరిగా రాలేదు కానీ నెట్ సెంటర్లు మాత్రం వీధికొకటి వెలిశాయి. గంటకు ఇంత అని కట్టి, ఒక్క కుర్చీలో ఇద్దరు కూర్చుని, వెనక నలుగురు నిలబడి చూసేవాళ్లు. ఆడేవాడు ఒకడు, సలహాలిచ్చేవాళ్లు ఐదుగురు. ఆ కాపీలు అసలువో నకిలీవో అడిగే పాపాన ఎవరూ పోలేదు.

కథ ఎవరికి కావాలి? చీట్ కోడ్లు కావాలి. నోటుపుస్తకం చివరి పేజీలో లెక్కల హోంవర్కు వెనకవైపున కోడ్ల జాబితా ఉండేది. పాంజర్ అని కొడితే ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఎదురుగా ట్యాంకు. పోలీసులు చుట్టుముడితే లీవ్‌మీఅలోన్. ఒంట్లో శక్తి నిండాలంటే ఆస్పిరిన్, అదీ చివర అదనంగా ఒక ఈ పెట్టి. ఇంగ్లిష్ పరీక్షలో ముప్పై ఐదు మార్కులు దాటనివాడు కూడా ఇవి తప్పులేకుండా, స్క్రీన్ వైపే చూస్తూ కొట్టేవాడు. ఎప్పుడైనా బుద్ధి పుట్టి మిషన్లు మొదలుపెడితే, బొమ్మ హెలికాప్టర్‌తో నాలుగు బాంబులు మోసి కడుతున్న బిల్డింగు అంతస్తుల్లో పెట్టే ఆ మిషన్ దగ్గర ఆగిపోయేవాళ్లు. దాన్ని దాటించగలిగే అన్న ఒకడు ప్రతి వీధిలో ఉండేవాడు. ఆయనకు ఆ సెంటర్లో దక్కే మర్యాద వేరు.

ఆ ఊరే ఇప్పుడు తిరిగొస్తోంది. ఫ్లోరిడాను పోలిన లియొనైడా అనే రాష్ట్రం, అందులో కొత్త వైస్ సిటీ. పాతది 1986లో నడిచే కథ, ఇది ఇప్పటి కాలం. జీటీఏ 5లో ముగ్గురు హీరోలూ మగవాళ్లే, ఇందులో లూసియా, జేసన్ అని ఒక జంట. మా తరానికి ఇది కొత్త గేమ్ కాదు, సెలవులకు సొంతూరు వెళ్లడం. నా ఉత్సాహంలో సగానికి పైగా కారణం ఇదే, మిగతా సగం గ్రాఫిక్స్.

ట్రైలర్లు చూసి అంత హడావుడి దేనికి?

మొదటి ట్రైలర్‌ను 2023 డిసెంబర్ 5న మన టైములో సాయంత్రం ఏడున్నరకు వదలాలి. ముందే ఎవరో లీక్ చేసేసరికి రాక్‌స్టార్ హడావుడిగా తనే పెట్టేసింది. మనకు అప్పటికి తెల్లవారుజాము. సాయంత్రం అందరూ కలిసి చూద్దామని ప్లాన్ వేసుకున్నవాళ్లు పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఫోన్లో చూశారు. రెండోది 2025 మే 6న చెప్పాపెట్టకుండా వచ్చింది. అది పీఎస్5 మీదే తీశామని, సగం కట్‌సీన్లు (మనం ఆడకుండా చూసే కథ ముక్కలు), సగం ఆడే దృశ్యాలు అని కంపెనీయే చెప్పింది. ఏది ఏదో గుర్తుపట్టలేక మళ్లీ మళ్లీ చూడటమే ఆ హడావుడికి కారణం. మొదటి ట్రైలర్‌లో మొసలి ఒకటి తాపీగా దుకాణంలోకి నడిచొచ్చే ముక్క ఉంటుంది చూడండి, నాకు అది చాలు.

లీకైన వీడియోలు చూడొచ్చా?

2022 సెప్టెంబర్‌లో తొంభై దాకా క్లిప్పులు బయటపడ్డాయి. సగం వండిన గేమ్ అది, రంగులు లేని గోడలు, తెర మీద ప్రోగ్రామర్ల అంకెలు. దాన్ని చూసి 'గ్రాఫిక్స్ బాగోలేదు' అని తీర్పులిచ్చినవాళ్లు ట్రైలర్ వచ్చాక మాయమయ్యారు. నేను చూడను. కొత్తగా తిరుగుతున్నవాటిలో ఏఐతో చేసినవి కూడా బోలెడు.

ప్రీ-ఆర్డర్ చెయ్యమంటారా?

వద్దు. డిజిటల్ కాపీ అయిపోయే సరుకు కాదు. ముందు కట్టినా, రివ్యూలు చదివి ఆ రాత్రి కట్టినా అదే గేమ్ వస్తుంది. ప్రీ-ఆర్డర్‌కు ఎర వేసే బోనస్ మామూలుగా ఏ చొక్కానో, ఏ కారు రంగో. ట్రైలర్ చూసి ఈల వేయడానికి, థియరీలు అల్లడానికి పైసా ఖర్చు లేదు. అక్కడిదాకా ఎంత ఎగిరినా ఫర్వాలేదు. కార్డు నంబరు కొట్టే దగ్గర మాత్రం రెండు రోజులు ఆగండి.

అయినా మనసు ఆగక కొనేస్తే రూల్స్ తెలుసుకోండి. పీసీ గేములు అమ్మే స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కొస్తుంది. ప్రీ-ఆర్డర్ అయితే ఆ 14 రోజులు రిలీజ్ రోజు నుంచి లెక్క. ప్లేస్టేషన్ స్టోర్‌లోనూ 14 రోజులే కానీ, డౌన్‌లోడ్ మొదలుపెట్టారంటే గేమ్‌లో లోపం ఉంటే తప్ప రీఫండ్ మీద ఆశ వదులుకోవాలి. అక్కడ ఆటో-డౌన్‌లోడ్ ఆపేసి పెట్టుకోవడం మంచిది.

డిస్కు కోసం దుకాణంలో అడ్వాన్సు కట్టడం ఇంకో కథ. మా ఏరియాలో ఒక షాపు 'రిలీజ్ రోజు పొద్దున్నే మీ చేతిలో ఉంటుంది' అని ఒక గేమ్‌కు డబ్బు తీసుకుని వారం తర్వాత ఇచ్చింది. ఆ వారంలో కథ ముగింపు నాకు మూడు గ్రూపుల్లో వచ్చేసింది.

పీఎస్5 ఇప్పుడే కొనాలా, అమెరికా నుంచి బావతో తెప్పించుకోవాలా?

ఆడటానికి వేరే గేములు కూడా ఉంటే ఇప్పుడే కొనండి. కేవలం జీటీఏ కోసమే అయితే ఆగండి, కానీ రిలీజ్ వారం దాకా ఆగొద్దు. 2021 ఫిబ్రవరి 2న పీఎస్5 మన దేశానికి వచ్చినప్పుడు డిస్కు మోడల్ రూ.49,990. ప్రీ-ఆర్డర్ తెరిచిన నిమిషాల్లో ఖాళీ. పాతబడేకొద్దీ కన్సోల్ రేటు తగ్గుతుందని అనుకునేవాళ్లం, ఇది 2022లో రూ.54,990 అయింది.

బావతో తెప్పించుకుంటే: కన్సోల్ మన కరెంటుకు పనిచేస్తుంది, లోపల పవర్ సప్లయ్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది. వైరు ఒక్కటి మార్చుకోవాలి, పాత రేడియోలకు, టేప్ రికార్డర్లకు వచ్చే ఎనిమిది ఆకారం పిన్ను వైరే. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలోనో, మీ ఊళ్లో ఏ ఎలక్ట్రికల్ షాపులోనో దొరుకుతుంది. డిస్కులు ఏ దేశానివైనా ఆడతాయి, కానీ డీఎల్‌సీ (గేమ్‌కు తర్వాత కొనుక్కునే అదనపు భాగాలు) మాత్రం డిస్కు ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతపు అకౌంట్‌లోనే కొనాలి. ఇక్కడే చాలామంది తలపట్టుకుంటారు. వారంటీ కూడా కొన్న దేశానిదే, చెడిపోతే బావే మోసుకెళ్లాలి.

డౌన్‌లోడ్‌కు ఎంతసేపు పడుతుంది?

రెడ్ డెడ్ 2 పీసీకి 150 జీబీ ఖాళీ అడుగుతుంది. అలాంటి సైజే అనుకుని లెక్క వేద్దాం. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద సెకనుకు 12.5 ఎంబీ వస్తుంది, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. 40 ఎంబీపీఎస్ అయితే ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. 30 అయితే పదకొండు గంటలు దాటుతుంది. ఇదంతా స్పీడు పూర్తిగా వస్తేనే. ఇంట్లో నాన్న క్రికెట్ మ్యాచ్ చూస్తుంటే, చెల్లి రీల్స్ చూస్తుంటే మీ లెక్క మీకు తెలుసు.

ప్రీలోడ్ అని రిలీజ్‌కు కొన్ని రోజుల ముందే డౌన్‌లోడ్‌కు వదులుతారు. ఆ అవకాశం వస్తే వెంటనే పెట్టేయండి. రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఉంటే కరెంటు పోయినా ఫైబర్ బతికే ఉంటుంది. మొబైల్ హాట్‌స్పాట్‌తో లాగుదామనే ఆలోచన మానుకోండి, రోజుకు 2 జీబీ ప్యాక్‌తో 150 జీబీ అంటే రెండున్నర నెలలు.

కొత్త గేమ్ సరే, అప్‌డేట్ వచ్చినా అంత సంబరం ఎందుకు?

సినిమాకు మొదటి ఆట పడ్డాక టాక్ వచ్చేసిందంటే అంతే, రెండో వారంలో కొత్త పాట కలిపినా అది మారదు. గేమ్‌కు ఫ్లాప్ టాక్ వచ్చాక రెండేళ్లకు హిట్ అనిపించుకునే వీలుంది. నో మ్యాన్స్ స్కై 2016 ఆగస్టులో వచ్చినప్పుడు తోటి ఆటగాళ్లను కలవొచ్చని అందరూ ఆశపడ్డారు. మొదటి రోజే ఇద్దరు ఆటగాళ్లు వెతుక్కుంటూ ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరుకున్నారు. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు, ఒకరికి ఒకరు కనబడలేదు. అంత పరువు పోయాక ఎవరైనా దుకాణం కట్టేస్తారు. హలో గేమ్స్ అనే ఆ చిన్న బ్రిటిష్ కంపెనీ నోరు మెదపకుండా పని చేసింది. 2018 జూలైలో నెక్స్ట్ అనే అప్‌డేట్‌తో పక్కపక్కనే కనబడుతూ ఆడే వీలు కల్పించింది. ఆ తర్వాత వరసపెట్టి అప్‌డేట్లు, ఒక్కదానికీ డబ్బు అడగలేదు.

స్టార్‌డ్యూ వ్యాలీది ఇంకో రకం. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి చేసిన వ్యవసాయం గేమ్. 2024 మార్చి 19న 1.6 అప్‌డేట్ వచ్చే ముందు ఆయన ప్యాచ్ నోట్స్‌ను (ఏమేం మారాయో చెప్పే ముక్కలను) రోజుకొకటి చొప్పున బయటపెట్టాడు. పిల్లులకు, కుక్కలకు టోపీలు పెట్టొచ్చు, మయోనైజ్ తాగొచ్చు. ఇంతే. ఆ మయోనైజ్ ముక్కకు జనం ఎగిరి గంతేశారు. కోట్లు పోసి తీసిన ట్రైలర్లకు రాని ఆనందం ఒక్క వాక్యానికి వచ్చింది. నన్నడిగితే రిలీజ్ డేట్లకంటే ప్యాచ్ నోట్స్ చదవడంలోనే ఎక్కువ మజా ఉంది. డేటు చెప్పేటప్పుడు కంపెనీ తన ఆశ చెబుతుంది, ప్యాచ్ నోట్స్‌లో తను చేసిన పని చెబుతుంది.

సైబర్‌పంక్ కూడా అలాగే 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్‌తో, ఆ వెంటనే ఫాంటమ్ లిబర్టీ అనే అదనపు కథతో నిలబడింది. వైస్ సిటీ సహా మూడు పాత జీటీఏలను కలిపి 2021 నవంబర్‌లో ఇచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ అయితే వికారమైన మొహాలతో, కళ్లకు అడ్డంపడే వానతో నవ్వులపాలైంది. మూడేళ్లకు, 2024 నవంబర్‌లో, పాత లైటింగ్ తిరిగి తెచ్చే అప్‌డేట్ ఇచ్చారు. ఇప్పుడు ఆడుకోవచ్చు. నవంబర్ దాకా ఏం ఆడాలని అడిగేవాళ్లకు నా మొదటి సలహా అదే, రెండోది రెడ్ డెడ్ 2.

అందరికంటే ఎక్కువ ఓపిక పట్టింది ఎవరు?

ఈ మధ్య అయితే సిల్క్‌సాంగ్ వాళ్లే. హాలో నైట్ రెండో భాగం, ఆస్ట్రేలియా అడిలైడ్‌లోని టీమ్ చెర్రీ అనే చిన్న బృందం గేమ్. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. తర్వాత ఏళ్ల తరబడి ఉలుకూ పలుకూ లేదు. ఏ గేమింగ్ షో జరిగినా 'ఈసారి సిల్క్‌సాంగ్' అని ఎదురుచూసి ఉసూరుమనడం అలవాటైపోయింది. 2025 ఆగస్టు 21న రెండు వారాల్లో ఇచ్చేస్తామని చల్లగా చెప్పారు. సెప్టెంబర్ 4న మన టైములో సాయంత్రం ఏడున్నరకు తెరిచేసరికి స్టీమ్ సహా స్టోర్లన్నీ చేతులెత్తేశాయి. ధర 20 డాలర్లే. ఇన్నేళ్లూ ఏం చేశారంటే, ఏ గొడవలూ లేవట, పని చేస్తుంటే సరదాగా ఉండి కొత్తవి కలుపుతూ పోయారట! కోపం రావాలి కానీ గేమ్ ఆడాక రాదు.

ఇదంతా డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ ముందు దిగదుడుపే. 1997లో ప్రకటించి 2011లో ఇచ్చారు, వచ్చాక బాగోలేదు కూడా. ది ఎల్డర్ స్క్రోల్స్ 6 వాళ్లకు 2018 జూన్‌లో కొండలు చూపించి వెళ్లిపోయారు, పాపం.

మొబైల్ వాళ్ల సంగతేంటి? అందరి దగ్గరా కన్సోల్ ఉండదు కదా.

నిజమే, మన దగ్గర ఎక్కువమంది ఆడేది ఫోన్లోనే. వాళ్ల ఎదురుచూపుల్లో ప్రభుత్వం కూడా ఒక పాత్ర. పబ్‌జీ మొబైల్ 2020 సెప్టెంబర్ 2న బ్యాన్ అయింది. దాని బదులు బీజీఎంఐ 2021 జూలైలో వచ్చింది, 2022 జూలై చివర్లో మళ్లీ స్టోర్ల నుంచి పోయింది, 2023 మే చివర్లో తిరిగొచ్చింది. ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో బ్యాన్. ఫ్రీ ఫైర్ ఇండియా పేరుతో 2023 సెప్టెంబర్ 5న వస్తుందని, ధోనీ అంబాసిడర్ అని పెద్ద ప్రకటన చేశారు. ఒక్కరోజు ముందు కొన్ని వారాల వాయిదా అన్నారు. ఏడాది దాటినా ఆ వారాలు తీరలేదు. ఈ ఆటగాళ్ల ముందు జీటీఏ వాళ్ల బాధ ఏపాటిది చెప్పండి.

2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో జీటీఏ కూడా పోతుందా అని కొందరు అడుగుతున్నారు. ఆ చట్టం గురి డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటల మీద. కొనుక్కుని ఇంట్లో ఆడుకునే గేములు వేరు.

మా అబ్బాయి పదో తరగతి. జీటీఏ 6 కొనిపెట్టమని ప్రాణం తీస్తున్నాడు. కొనొచ్చా అండీ?

వద్దండీ. జీటీఏ 5కు అమెరికాలో 17, ఐరోపాలో 18 ఏళ్లు నిండాలని రేటింగ్. హింస, బూతులు, మందు, ఇంకా మీరు పక్కన కూర్చుని చూడలేని దృశ్యాలు ఉంటాయి. కొత్తదీ ఆ దారిలోనిదే. మేం ఆ వయసులో నెట్ సెంటర్లో ఆడాం కదా అని వాదించే నాలాంటి మామయ్యల మాట వినకండి. వాడికి ఫోర్జా హొరైజన్ లాంటి కార్ల గేమ్ కొనివ్వండి, లేదా పైన చెప్పిన స్టార్‌డ్యూ వ్యాలీ. ప్లేస్టేషన్‌లో ఫ్యామిలీ అకౌంట్ పెట్టి వయసు పరిమితి, రోజుకు ఎంతసేపు అన్నది మీ ఫోన్ నుంచే మార్చుకోవచ్చు.

ఈ గేములు తయారుచేసేవాళ్లలో మనవాళ్లు ఉన్నారా?

ఉన్నారు. రాక్‌స్టార్‌కు బెంగళూరులో స్టూడియో ఉంది. 1997 నుంచి అక్కడ పనిచేస్తున్న ధ్రువ ఇంటరాక్టివ్‌ను 2019లో కొనేసి రాక్‌స్టార్ ఇండియాలో కలుపుకుంది. హైదరాబాద్‌లో ఈఏ స్టూడియో ఉంది. ఏ ఫ్రెండ్ ఫ్రెండో అక్కడ పనిచేస్తుంటే డేటు గురించి తవ్వకండి. వాళ్లు సంతకం పెట్టిన కాగితాలు అలాంటివి, నోరు జారితే ఉద్యోగానికే ముప్పు.

రిలీజ్ అయ్యాక స్పాయిలర్లు ఎలా తప్పించుకోవాలి?

వాట్సాప్ గ్రూపులను మ్యూట్ చేస్తే సరిపోదు, ఫొటోలు, వీడియోలు తమంతట తాము డౌన్‌లోడ్ అయ్యే సెట్టింగు కూడా ఆపేయండి. లేకపోతే ముగింపు సీను గ్యాలరీలో మీకోసం కాచుక్కూర్చుంటుంది. ఎక్స్‌లో జీటీఏ, లూసియా, జేసన్, వైస్ సిటీ అనే మాటలను మ్యూట్ జాబితాలో వేయండి. యూట్యూబ్‌లో హిస్టరీ ఆపేస్తే సిఫార్సులు కొంత తగ్గుతాయి, షార్ట్స్ మాత్రం అసలు తెరవొద్దు. గేమ్ ముందే పూర్తిచేసి 'చెప్పనులే, చెప్పనులే, కానీ ఆ చివర్లో ఉంటుంది చూడూ' అనే స్నేహితుడు ప్రతి ఒక్కరికీ ఉంటాడు. వాడి ఫోన్ మాత్రం గేమ్ అయ్యేదాకా ఎత్తకండి. మా గ్రూపులో వాడెవడో అందరికీ తెలుసు, ఇది చదువుతున్నాడు కూడా.